రాజమండ్రిని నడిచే చూడాలి

రాజమండ్రి వచ్చేవాళ్లలో చాలామంది పుష్కర ఘాట్‌లో మూడు మునకలు వేసి, పాపికొండల బోటెక్కి, అటునుంచి అటే వెళ్లిపోతారు. మధ్యలో ఒక పూట భోజనమే వాళ్లకు ఊరితో ఉన్న పరిచయం. అందుకే కార్తికంలో ఒక తెల్లవారుజామున గోదావరి స్టేషన్‌లో దిగి, ఆటోల వైపు చూడకుండా రేవుకు నడిచాను. పెద్ద స్టేషన్‌లో కాకుండా ఈ చిన్న స్టేషన్‌లో ఆగే బండి చూసుకుంటే నది పక్కనే దిగవచ్చు.

రేవంతా ఆడవాళ్లే. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్లలోకి తోస్తున్నారు. ఒకావిడ దొప్ప రెండుసార్లు మెట్ల దగ్గరికే తిరిగి వస్తే, మూడోసారి మోకాలి లోతుకు దిగి మరీ సాగనంపింది. కాస్త పక్కన ఓ కుర్రాడు తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నీళ్లలోకి విసిరి లాగుతున్నాడు. భక్తులు వేసిన నాణేలు దానికి అతుక్కుని బురదతో సహా పైకి వస్తున్నాయి. పాత ఇత్తడి, రాగి నాణేలైతే దొరకవట, ఇప్పటి స్టీలు నాణేలే అంటుకుంటాయని చెప్పాడు. 2015 జులై 14న, పుష్కరాల మొదటిరోజు, తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయింది ఈ ఘాట్‌లోనే. మెట్లు దిగేటప్పుడు అది గుర్తురాకుండా ఉండదు.

గట్టు వెంట నడిస్తే హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టి 1900లో ప్రారంభించారు. మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు, స్తంభాల మధ్య 56 ఖానాలు. మద్రాసు, కలకత్తాల మధ్య బళ్లు దాదాపు వందేళ్లు దీని మీదే నడిచాయి. 1997లో విల్లులాంటి కమానుల కొత్త వంతెన రావడంతో దీనికి విశ్రాంతినిచ్చారు. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన కూడా ఉంది. అందరూ ఫొటోలు తీసేది కమానుల వంతెననే. నాకు మాత్రం తుప్పు పట్టిన ఆ పాతదే ఇష్టం.

నన్నయ ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత భాగం రాసింది పదకొండో శతాబ్దంలో, ఈ ఊరినేలిన రాజరాజనరేంద్రుడి కొలువులో. ఆ కాలపు కోట కోసం వెతికితే కంటికి ఆనేది పెద్దగా ఏమీ లేదు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో శిల్పాలు, నాణేలు చూసి బయటపడ్డాను.

నన్ను కదలనివ్వనిది దామెర్ల రామారావు చిత్రశాల. నేను వెళ్లేసరికి అక్కడ ఇంకెవరూ లేరు. 1897లో ఈ ఊళ్లోనే పుట్టిన మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపాడు. 1925లో మశూచి సోకి పోయాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ‘పుష్పాలంకరణ’ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆడవాళ్ల మెడల ఒంపు, చీర కుచ్చిళ్లు ఒక్క గీతలో తేల్చేశాడు. ఆ గీతలో ఎక్కడా తడబాటు లేదు. ఇలాంటి బొమ్మలున్న గదిలో ఒక్కడినే ఉండటం నాకు హాయిగానే ఉంది కానీ, ఊరికది మర్యాద కాదు. రేవులో అంత జనం, ఇక్కడ ఇంత ఖాళీ!

ఎండ ముదిరింది. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి, వీరేశలింగం ఇల్లున్న పాత వీధుల్లోకి మళ్లాను. 1881 డిసెంబరు 11న ఆయన తన ఇంట్లో గౌరమ్మకు, గోగులపాటి శ్రీరాములుకు పెళ్లి చేశారు. అదే తెలుగునాట తొలి వితంతు పునర్వివాహంగా పేరుపొందింది. ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే వండి, గోదావరి నుంచి తానే నీళ్లు మోసుకొచ్చింది. అది చదివినప్పుడు ఓ వాక్యంలా దాటిపోతుంది. ఇక్కడినుంచి రేవుకు ఖాళీ చేతులతో నడిచి చూస్తే తెలుస్తుంది. దారి పొడవునా అరుగుల మీద నుంచి ఎన్ని కళ్లు చూసి ఉంటాయో, ఎవరెవరు ఏమని ఉంటారో! సంస్కర్తకు విగ్రహాలు పెట్టారు, మంచిదే. ఆ బిందెకు కూడా ఎక్కడో ఒకచోట పీఠం ఉండాల్సింది.

ధవళేశ్వరానికి మాత్రం ఆటో ఎక్కాను. 1830ల తొలినాళ్ల కరువులో ఈ జిల్లా జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి లంకల మధ్య నాలుగు పాయలకూ అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. ఇప్పుడున్నది తర్వాతి కాలపు బ్యారేజీ. డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊరు వెతకాలి. తెల్లదొర అయినా గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను తలచుకునే పురోహితులు ఉండేవారట.

కాలువ తలుపుల దగ్గర వాటిని ఎత్తి దించే లస్కరు ఒకాయన కనిపించాడు. ఆయనది కోనసీమ పల్లె. ఈ నీళ్లు మీ ఊరు చేరతాయా అని అడిగాను.

“చేరక ఎక్కడికి పోతాయండి? చివరి పొలాలకే కాస్త ఆలస్యం. వాళ్లే నాకు ఫోను చేసి తిడుతుంటారు” అన్నాడు. అంటుండగానే ఆయన జేబులో ఫోను మోగింది.