112 కాస్తా 87 అయింది

నాకు 48 ఏళ్లు. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. కానీ మా నాన్నకి 52వ ఏటే గుండెపోటు వచ్చింది, నా కొలెస్ట్రాల్ చూస్తే అటూ ఇటూ కాకుండా ఉంది. మాత్రలు వేసుకోవాలా అక్కర్లేదా తేల్చడానికి డాక్టరుగారు కాల్షియం స్కోర్ స్కాన్ రాశారు, అంటే గుండె ధమనుల్లో కాల్షియం ఎంత పేరుకుందో లెక్కగట్టే సీటీ స్కాన్.

సూది గుచ్చరు, రంగు మందు ఎక్కించరు. ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి, ఊపిరి బిగబట్టమంటారు, అంతే. ముందు కాఫీ తాగొద్దని చెప్పారు గానీ అలవాటు కొద్దీ తాగేసే వెళ్లాను. టెక్నీషియన్ తెర వంక చూసి, "పల్స్ 90 ఉందండీ, కాసేపు కూర్చోండి" అంది. కూర్చున్నాను. 84కి దిగి అక్కడే మొండికేసింది. సరే కానిచ్చేద్దాం అనుకున్నాం.

రిపోర్టులో మొత్తం స్కోరు 112. కింద ఒక వాక్యం: కుడి కరోనరీ ధమని (గుండెకి రక్తం అందించే నాళం) దగ్గర కదలిక వల్ల చిత్రం చెదిరింది. ఆ రాత్రి నేను ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. నూరు దాటిందన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

రెండో రోజు డాక్టరుగారు నన్ను రేడియాలజిస్టు గదికి తీసుకెళ్లారు. తెర మీద ఎడమ ధమనిలో మూడు తెల్లని చుక్కలు, అంచులు తెగ్గోసినట్టున్నాయి. కుడి ధమనిలో ఉన్నది మాత్రం తోకచుక్క. "ఇది మీ కాల్షియం ఆకారం కాదండీ, మీ గుండె పరుగు" అన్నారావిడ.

స్కోరు లెక్క 1990లో ఆగట్‌స్టన్, ఆయన సహచరులు రాసిపెట్టింది. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (స్కాన్‌లో తెలుపు ఎంతో చెప్పే కొలత), ఆపైన తెల్లగా కనిపించే ప్రతి మచ్చ వైశాల్యాన్నీ ఒక అంకెతో గుణిస్తారు. మచ్చలో అన్నిటికంటే తెల్లని చోటు 200 లోపుంటే 1, 300 లోపుంటే 2, 400 లోపుంటే 3, 400 నుంచి పైకి 4. మెట్లు మెట్లుగా ఉంది చూశారా, తిరకాసంతా అక్కడే. మచ్చ అలుక్కుపోతే వైశాల్యం పెరగొచ్చు, తెలుపు పలచబడి ఒక మెట్టు దిగిపోనూవచ్చు. పలచని చిన్న మచ్చయితే 130 కిందికి జారి అసలు లెక్కలోకే రాదు. కాబట్టి కదలిక స్కోరుని ఎటైనా లాగుతుంది. నాది పైకి లాగింది.

కుడి ధమనే ఎందుకంటే, గుండె ధమనుల్లో ఎక్కువగా ఊగిసలాడేది అదే. పల్స్ 60 ఉంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య పూర్తి సెకను దొరుకుతుంది. అందులో గుండె దాదాపు నిలకడగా ఉండే క్షణంలో ఈసీజీ చూసి ఫొటో తీస్తారు. 84 దగ్గర ఆ వ్యవధి సుమారు 0.71 సెకన్లే. తగ్గేది కూడా ఎక్కువగా ఆ విశ్రాంతి భాగమే. నా కాఫీ మింగింది దాన్నే.

మళ్లీ స్కాన్ చేయాలేమో అనుకున్నాను. అక్కర్లేదట. ఒక్క చిత్రానికి కావలసిన దానికంటే అటూ ఇటూ కొంచెం ఎక్కువసేపు ఎక్స్‌రే పడేలా పెట్టారట. ఆ ముడి సమాచారం ఇంకా మెషీన్‌లోనే ఉంది, కొన్నాళ్లాగితే చోటు కోసం చెరిపేసేవారు. దాంట్లోంచి కాస్త ముందు క్షణానికొకటి, కాస్త తర్వాతి క్షణానికొకటి చిత్రాలు కట్టి, ధమని ఎటు నుంచి ఎటు జరిగిందో సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది. ఆ జరిగినంతా వెనక్కి లాగి చిత్రాన్ని మళ్లీ కడుతుంది. రంగు మందు ఎక్కించిన స్కాన్‌లో ధమని వెలిగిపోతుంది కాబట్టి దారి దొరకడం తేలిక. ఇందులో కొవ్వు మధ్య బూడిదరంగు గీతలా ఉంటుంది, అందుకని ఆవిడ ప్రతి పొరనీ కంటితో సరిచూశారు. తోకచుక్కకి తోక పోయింది. ఉత్త చుక్క మిగిలింది. మొత్తం 87.

నేను ఎగిరి గంతేయబోయాను. డాక్టరుగారు రెండు అంకెలూ ఫైల్లో రాసుకున్నారు. "రెండూ ఎందుకండీ?" అన్నాను. వయసుని బట్టి మన స్కోరు ఎక్కడుందో చెప్పే పట్టికలు మెసా (అమెరికాలో గుండెజబ్బుల మీద జరిగిన పెద్ద అధ్యయనం) లాంటి పాత అధ్యయనాల నుంచి వచ్చాయి. 2000 నుంచి 2002 వరకు అందులో చేరిన 6,814 మందికీ ఇలా కదలిక సరిదిద్దిన చిత్రాలేమీ లేవు. సరిదిద్దిన అంకెని తీసుకెళ్లి సరిదిద్దని అంకెల పక్కన పెడుతున్నామని గుర్తుండాలి కదా, అన్నారాయన. నాకిది న్యాయంగానే తోచింది, అప్పటిదాకా 87ని దేవుడిచ్చిన మార్కులా చూసుకున్నవాణ్ణి.

తర్వాత నా వయసు గడిలో రెండు స్కోర్లూ పెట్టి చూపించారు. 87 దగ్గర కూడా నా ఈడు మగవాళ్లలో నూటికి డెబ్బై ఐదు మంది కంటే నేను పైనే ఉన్నాను. చీటీ రాశారు. రాత్రిపూట కొలెస్ట్రాల్ తగ్గించే ఒక స్టాటిన్ మాత్ర.