మా అప్పడాల యూనిట్‌కి విలువలు రాసుకున్న తీరు: బరంపురం నుంచి నా అనుభవం

ఒడిశాలోని మా బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు అమ్మడానికి ఊరి పేరే సగం పని చేసిపెడుతుంది. చిక్కంతా షెడ్డు లోపల. పనివాళ్లలో కొందరు ఒడియావాళ్లు, కొందరు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు. యజమాని దుకాణంలో ఉన్నప్పుడు షెడ్డులో ఒక బ్యాచ్ ప్యాక్ చెయ్యాలా ఆపాలా అన్నది ఎవరు తేల్చాలి, దేన్ని చూసి తేల్చాలి? విలువలు రాసుకోవాలని కూర్చున్నది ఈ ప్రశ్న కోసమే.

"మన విలువలేంటి?" అని అడిగితే నిజాయితీ, నాణ్యత, కస్టమరే దేవుడు అనే జవాబులొస్తాయి. అవి వద్దనే వ్యాపారి ఎక్కడా ఉండడు కాబట్టి వాటివల్ల షెడ్డులో ఒక్క పనీ మారదు. మేం అలా అడగకుండా ఖాతా పుస్తకం తెరిచాం. గడిచిన ఏడాదిలో చేతిదాకా వచ్చిన డబ్బు వదులుకున్న చోట్లు, లోపల గొడవైన చోట్లు వెతికి ఒక్కోదానికి ఒక్కో చీటీ రాశాం. చీటీ మీద మూడే సంగతులు: ఏం చేశాం, చెయ్యగలిగిన రెండో పని ఏమిటి, ఎంత పోయింది. మా గంజాం జిల్లా నుంచి వెళ్లి సూరత్‌లో ఉంటున్నవాళ్లకి పంపిన పార్సిల్‌లో మూత కారిన సీసాలకి బదులు మళ్లీ పంపడం ఒక చీటీ. ముసురులో ఆరని సరుకు కోసం పెళ్లి ఆర్డర్ వదులుకోవడం ఇంకోటి. ఇలాంటివి ఇరవై, ముప్పై అయినా ఉండాలి. నాలుగైదే ఉంటే ఆ నెల కోపతాపాలు తప్ప ఇంకేం కనపడవు.

యజమాని చివర మాట్లాడాలి. ముందు నోరు విప్పితే మిగతావాళ్ల చీటీలన్నీ ఆయన మాటలే అవుతాయి. రాయడం రానివాళ్లు చెబితే ఇంకొకరు రాయాలి, వాళ్ల మాటల్లోనే. తర్వాత చీటీలు నేలమీద పరిచి ఒకలాంటివి ఒకచోట చేర్చాలి. కుప్పలకి పేర్లు ముందే పెట్టకూడదు. పెడితే పేరుకి సరిపోని చీటీలు పక్కకి పోతాయి, అసలు సరుకు వాటిలోనే ఉంటుంది.

చట్టం ఎలాగూ చెయ్యమన్నవి ఇక్కడే తీసేశాం. ప్యాకెట్ మీద నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ నెల వెయ్యడం 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్పిన పని. దాన్ని విలువ అని గొప్పగా రాసుకోవడం కరెంటు బిల్లు కట్టినందుకు సన్మానం చేయించుకున్నట్టు ఉంటుంది. సరఫరాదారుల చెల్లింపులూ అంతే. చిన్న నూనె మిల్లుకి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమ) నమోదు ఉంటే, 2006 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే, కట్టిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చుని ఆదాయపన్నులో చూపించుకోలేం. ఇది 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. మాకు విలువగా నిలిచింది చట్టం అడిగినదాన్ని మించి చేసేది: మనకి రావాల్సింది రాకపోయినా మిరపకాయలు తెచ్చిన రైతుకి దించిన రోజే డబ్బు.

అన్నిటికంటే తగువు అప్పడాల దగ్గర వచ్చింది. అంచులు ఆరి మధ్యలో మెత్తగా ఉన్న అప్పడం ఒక్కటి కట్టలోకి వెళ్లినా దాని చెమ్మ పక్కవాటికి పాకి కట్టంతా బూజు పడుతుంది. అందుకే "ఆరని అప్పడం కట్టలోకి వెళ్లదు" అని రాశాం. ఆపే అధికారం ప్యాకింగ్ దగ్గర కూర్చున్నామెది. ఆమె ఎవర్నీ అడగక్కర్లేదు. అయితే కూలి కిలో లెక్కన ఇస్తూ ఈ వాక్యం గోడకి అంటిస్తే పనిచెయ్యదు. త్వరగా ఎత్తినవాళ్లకి ఎక్కువ డబ్బు వస్తుంటే ఎవరు ఆగుతారు? వత్తడానికి కిలో రేటు ఉంచి, ఎండబెట్టడానికీ ఏరడానికీ రోజుకూలి చేశాం. ముసురు పట్టి పని ఆగిన రోజున సగం కూలి ఇస్తాం. ఖర్చు పెరిగింది. పెరగకపోయి ఉంటే ఆ వాక్యాన్ని నేను నమ్మేవాణ్ణి కాదు.

రెండు విలువలు ఢీకొన్నప్పుడు ఏది ముందో కూడా రాయాలి. రైలుకి పార్సిల్ ఇస్తామని మాటిచ్చాం, బయట వాన. మా వరస ఇది: తినేవాళ్ల ఆరోగ్యం, తర్వాత ఇచ్చిన మాట, తర్వాత మా లాభం. తేదీ తప్పుతుందని ముందు రోజే ఫోన్ చెయ్యడం రెండోదాని కిందికి వస్తుంది. వరస లేని జాబితాలోంచి ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు.

మొత్తం నాలుగు వాక్యాలు మిగిలాయి. ఒడియాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, వారానికోసారి పని మొదలయ్యే ముందు చదువుతాం. మామిడి సీజన్ నుంచి దసరా దాకా పరీక్ష కాలం పెట్టాం: ఏ వాక్యం చూసి ఏ నిర్ణయం తీసుకున్నదీ ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఒక్కసారీ ఎక్కని వాక్యం పోతుంది. "బాధ్యత" అనే మాట కూడా పోయింది. అది కూలి కొయ్యడానికి తప్ప దేనికీ వాడలేదు.

ఇంటివాళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. యజమాని బావమరిది తడి చేత్తో జాడీలో గరిటె పెడితే ఎవరూ ఏమీ అనకపోతే, నాలుగు వాక్యాలూ ఆ పూటకే అయిపోతాయి. పనివాళ్లు ముందు చూసేది అక్కడే.

కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు పాత చీటీ ఒకటి చదివి "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడుగుతున్నాం. జవాబు మాలాగే ఉండక్కర్లేదు, కారణం చెప్పగలిగితే చాలు.

చిల్లర దుకాణాలకి అరువు ఎంతవరకు అన్నది ఇంకా రాయలేదు. పండగ దాటాక కట్టేవాళ్లూ ఉన్నారు, పండగ పేరు చెప్పి మరో పండగదాకా లాగేవాళ్లూ ఉన్నారు. చీటీలు పోగవుతున్నాయి, మామిడికాయ దిగకముందే వాటిని పరచాలి.