ఎనిడ్ బ్లైటన్ పాత ప్రింటా కొత్త ప్రింటా

మా ఫ్రెండ్స్‌లో ఇంగ్లీషులో పిల్లల కథలు రాసిన ఎనిడ్ బ్లైటన్ అంటే పిచ్చి ఉన్నవాళ్ళం నలుగురైదుగురం ఉన్నాం. అందరం నలభై దాటినోళ్ళమే, అయినా షాపులో ఆవిడ సాహస కథల సిరీస్ ఫేమస్ ఫైవ్ కొత్త ప్రింట్ కనబడితే చాలు, ఎవరో ఒకరు ఫొటో తీసి పంపిస్తారు, ఇక గొడవ మొదలు. అట్ట సంగతి పెద్దగా పట్టించుకోం (2012లో ఆ సిరీస్ మొదలై డెబ్భై ఏళ్ళయిందని క్వెంటిన్ బ్లేక్ లాంటి పేరున్న ఆర్టిస్టులతో అట్టలు వేయించారు, బానే ఉన్నాయి గానీ మాకు మొదటి ప్రింట్లలో ఐలీన్ సోపర్ వేసిన బొమ్మలు తప్ప ఇంకేవీ ఎక్కవు). గొడవంతా లోపల మాటలు మార్చారా లేదా అని.

అసలు జరిగిందేంటంటే, 2010లో ఈ పుస్తకాలు వేసే హాడర్ కంపెనీ వాళ్ళు, ఈ భాష ఇప్పటి పిల్లలకి పాతగా ఉందని మదర్, ఫాదర్ తీసేసి మమ్, డాడ్ పెట్టారు, స్కూల్ ట్యూనిక్‌ని యూనిఫాం చేశారు, ఇలా చాలా సర్దారు. 2016 వచ్చేసరికి వాళ్ళే, ఇది వర్కవుట్ కాలేదు, మళ్ళీ పాతదే వేస్తాం అన్నారు. మరి మధ్యలో ప్రింటైనవి ఎక్కడికి పోతాయి, సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతూనే ఉంటాయి కదా, అందుకే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొనేవాళ్ళు ముందు లోపలి పేజీలో ఏ ఏడాది ప్రింటో చూసుకోండి.

నాకు నవ్వొచ్చేదేంటంటే, మేం ఇవి చదివేనాటికి స్కోన్ అంటే తెలీదు, మూర్ అంటే ఏదో పొలం అనుకున్నాం, షిల్లింగులూ పెన్నీలూ ఎన్నెన్నికి ఎంతో ఇప్పటికీ లెక్క రాదు. అయినా ఒక్క పుస్తకం కూడా మధ్యలో వదల్లేదు. ఆ దేశంలోనే పుట్టిన పిల్లలకి ట్యూనిక్ అర్థం కాదేమోనని వీళ్ళకి బెంగ!

ఆవిడే చిన్నపిల్లల కోసం రాసిన నాడీ అనే బొమ్మ పిల్లాడి పుస్తకాల సంగతి మాత్రం వేరు. 1951 నాటి కథలో నాడీ కారు ఎత్తుకుపోయి వాణ్ణి అడవిలో వదిలేసేది గాలివాగ్‌లు, అంటే నల్లవాళ్ళని ఎగతాళి చేస్తూ తయారుచేసిన బొమ్మలు. తర్వాతి ప్రింట్లలో వాటి బదులు గాబ్లిన్లు వచ్చాయి. మా వాళ్ళలో ఒకడు, అదీ మార్చకూడదు, రాసింది రాసినట్టే ఉండాలి అంటాడు. నేనొప్పుకోను. నాలుగేళ్ళ పిల్లకి చదివిపెట్టే పుస్తకం అది, రీసెర్చ్ చేసేవాళ్ళకి పాత కాపీలు లైబ్రరీలో ఎలాగూ ఉంటాయి. ఆవిడదే ఇంకో సిరీస్ ఫారవే ట్రీలో డిక్, ఫ్యానీ పేర్లకి బూతు అర్థాలొస్తాయని రిక్, ఫ్రానీ చేయడం మాత్రం ఉత్త చాదస్తం.

అయితే బ్లైటన్ బయోగ్రఫీలు చదవడం మొదలెట్టాక నాకు ఈ గొడవే వేరేగా కనబడుతోంది. 1952లో పిల్లల కోసం తన కథ తనే రాసుకుంది కదా, అందులో మొదటి భర్త హ్యూ పొలాక్ లేనే లేడు! రెండో భర్త కెనెత్, ఇద్దరు కూతుళ్ళు, గ్రీన్ హెడ్జెస్ ఇల్లు, తోట, పెంపుడు జంతువులు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఆ పిల్లలిద్దరూ పొలాక్ కూతుళ్ళే. పైగా ఆయన న్యూన్స్ కంపెనీలో ఎడిటర్, మొదట్లో ఆవిడ పుస్తకాలు వేసిందీ ఆయనే. ఎడిటర్నే ఎడిట్ చేసి పారేసింది మహాతల్లి. విడాకుల్లో తప్పు పొలాక్ తనమీద వేసుకుంటే పిల్లల్ని చూడనిస్తానని ఆయన్ని ఒప్పించి, తీరా అయ్యాక చూడనివ్వలేదని బార్బరా స్టోనీ 1974 నాటి బయోగ్రఫీలో రాసింది. బ్లైటన్‌కి పదమూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇల్లొదిలి వెళ్ళిపోయాడని కూడా అందులోనే ఉంటుంది, ఆ రెండూ పక్కపక్కన చదివితే ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది.

ఇంక కూతుళ్ళ దగ్గరికొస్తే, పెద్దమ్మాయి జిలియన్‌కి అమ్మ ఎంతో మంచిది, సరదా మనిషి. చిన్నమ్మాయి ఇమోజెన్ 1989లో రాసిన పుస్తకంలో తల్లి అలా ఉండదు, ఆవిడకి తల్లి మనసన్నదే లేదన్నట్టు రాసుకొచ్చింది. ఒకే ఇల్లు, ఒకే అమ్మ! మాలో ఇద్దరు జిలియన్ పార్టీ, ఒకావిడ ఇమోజెన్ పార్టీ. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్పారు, ఏ ఇంట్లో మాత్రం అక్కకీ చెల్లికీ ఒకే అమ్మ దొరికింది గనక.

బయోగ్రఫీలు చదివితే పుస్తకాల మీద ఇష్టం పోతుందేమోనని ఒక ఫ్రెండ్ భయపడుతోంది. నాకైతే పోలేదు. కథలు కళ్ళముందు సొంత సినిమాలా ఆడతాయని, తను చూసి టైప్ చేసుకుంటూ పోవడమేనని బ్లైటన్ మెకెల్లర్ అనే సైకాలజిస్టుకి రాసిన ఉత్తరాల సంగతి స్టోనీ పుస్తకంలో చదివాక ఫేమస్ ఫైవ్ మళ్ళీ మొదట్నుంచి పట్టుకున్నా. ఇరవై ఒకటీ పాత ప్రింట్లే కావాలి, కొన్ని ఇంకా దొరకలేదు. ఎవరి దగ్గరైనా సోపర్ బొమ్మలున్న కాపీలు ఉంటే చెప్పండి, అమ్మకపోయినా పర్లేదు, చదివి జాగ్రత్తగా ఇచ్చేస్తా.