సగం కన్ను గుడ్డి: హంగేరియన్ బహువచనంతో నా తంటాలు

పొద్దున్నే రిజల్టు వచ్చింది. హంగేరియన్ ఓరల్ రెండోసారికి గట్టెక్కాను. హంగేరీలోని డెబ్రెట్సెన్‌లో మాకు మెడిసిన్ ఇంగ్లిషులోనే చెబుతారు. కానీ వార్డులో పేషెంట్లకు ఇంగ్లిషు రావాలిగా! అందుకే ఈ భాషా పరీక్ష.

రాతపరీక్ష మొదటిసారే అయిపోయింది, దాని గురించి చెప్పడానికేం లేదు.

హంగేరియన్‌లో బహువచనానికి మాట చివర 'క్' వస్తుంది. అస్తల్ అంటే బల్ల, బల్లలు అస్తలోక్. ఎంబెర్ అంటే మనిషి, మనుషులు ఎంబెరెక్. మాటలోని అచ్చును బట్టి ఓక్, ఎక్ అని మారుతుంది. క్లాసులో మిగతా దేశాలవాళ్లు దీనికే తల పట్టుకుంటుంటే నేను కాలుమీద కాలేసుకుని కూర్చున్నా. పులి పులులు, బల్లి బల్లులు అయ్యే భాషలో పుట్టినవాడికి ఇదొక లెక్కా? కాకపోతే మనకి 'లు' కోసం మాట మారుతుంది, వాళ్లకి మాట కోసం 'క్' ముందు అచ్చు మారుతుంది. ఇల్లు మాత్రం హాజ్, హాజక్. గుర్రం లో, లొవక్. ఇవి బట్టీయే. ఇల్లు 'ఇళ్లు' ఎందుకైందంటే మనం మాత్రం ఏం చెబుతాం?

నన్ను ముంచింది 'క్' కాదు, అది రాకూడని చోట్లు. అంకె వస్తే బహువచనం ఎగిరిపోతుంది. మూడు యాపిల్స్ అనడానికి 'హారోమ్ అల్మ', అంటే 'మూడు యాపిల్' అనాలి. మూడు అన్నాక ఒకటి కాదని తెలుస్తూనే ఉంది, మళ్లీ 'క్' దండగ అని వాళ్ల లెక్క. ఇంతవరకు నాకు తెలుసు.

మొదటిసారి ఓరల్‌లో మేడమ్ పేషెంటు, నేను డాక్టరు. "ఫాయ్ అ లాబమ్" అంది. 'నా కాలు నొప్పి' కదా, ఒక కాలే అని రాసుకున్నా. ఆవిడ చెప్పింది రెండు కాళ్ల గురించట. జంటగా ఉండే అవయవాలను మామూలుగా ఏకవచనంలోనే అంటారు. తర్వాత వాళ్ల నాన్న గురించి "ఫేల్ సెమేరె వక్" అంది. ఫేల్ అంటే సగం. సగం కన్ను గుడ్డి! నేను చాలా శ్రద్ధగా "ఏ సగమండీ, పైదా, కిందదా?" అని అడిగాను.

గదిలో చప్పుడు లేదు. పక్కనున్న రెండో ఆయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. మేడమ్ చంటిపిల్లాడికి చూపించినట్టు అరచేత్తో తన ఎడమకన్ను మూసుకుని "ఫేల్" అంది. రెండు కళ్లూ కలిపి ఒకటైతే, అందులో సగం ఒక కన్ను. నాకు చెవులు కాలిపోయాయి.

ఈ ముక్క మా పుస్తకంలో లేదు. హోటల్లో గది ఎలా అడగాలో మాత్రం పేజీలకు పేజీలు ఉంది. సీనియర్ అన్న పదివేల ఫోరింట్లకు అంటగట్టిన నోట్సులోనూ లేదు. అన్నా అన్నా అని వెనక తిరిగినందుకు బాగానే బుద్ధి చెప్పాడు. ఆ డబ్బుతో కూరగాయల మార్కెట్‌కి వెళ్లండి. 'హారోమ్ అల్మాక్' అని చూడండి, అక్కడి ముసలమ్మలు తప్పు దిద్దాకే పళ్లు ఇస్తారు.

ఇక్కడ మార్కులు ఒకటి నుంచి ఐదు, ఒకటంటే ఫెయిల్. మొన్న "ఒకటి వచ్చిందమ్మా" అంటే ఫస్టు ర్యాంకు అనుకుని అమ్మ వీధంతా చెప్పింది. నేనూ దిద్దలేదు. ఇవాళ నాలుగు వచ్చిందని చెప్పా. "అంత ఎందుకు తగ్గిందిరా?" అని అప్పటి నుంచి ఫోన్ మీద ఫోన్.