కన్నాల రాయికి కూడా గిరాకీ ఉంది

మా టెక్కలి వైపు ఫారిన్ అంటే గల్ఫే. వెల్డరో, రిగ్గరో, ఫిట్టరో అయి దుబాయ్, ఖతార్ వెళ్తారు. అక్కడ ఏం పని అని ఎవరూ అడగరు, అందరికీ తెలిసిందే. నాది ఐస్‌లాండ్ అంటే ముందు ఆ దేశం ఎక్కడుందో చెప్పాలి, తర్వాత పని చెప్పాలి. "రాళ్ళలో ఎంత ఖాళీ ఉందో కొలుస్తాను" అంటే, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ చదివించిన మా నాన్న మాట మార్చేస్తాడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మావయ్య ఒక్కడే పట్టుకుని అడిగాడు. నీలం గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్ ఆయన. "ఏట్రా అల్లుడూ, అంత దూరం ఎళ్ళి అక్కడా రాళ్ళేనా?" ఆయన దగ్గర బ్లాక్‌లో పగులో, మచ్చో కనిపిస్తే కొనేవాడు రేటు దించేస్తాడు. నేను చూసే బసాల్ట్‌కి ఒళ్ళంతా కన్నాలే. లావా చల్లబడేటప్పుడు అందులోని గ్యాస్ బుడగలు పైకి తేలి, అక్కడే చిక్కుకుపోతాయి. అందుకే ప్రతి లావా పొర పైభాగం బుడగలమయం, మధ్యభాగం మాత్రం గట్టిగా ఉంటుంది.

భూమి లోపలికి గ్యాస్ పంపాలంటే కన్నాలు ఉంటే చాలదు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి ఉండాలి. రోజంతా నేను తేల్చేది అదే. బోరు నుంచి తీసిన కోర్‌లోంచి, అంటే గుండ్రటి రాతి కడ్డీలోంచి, అంగుళం మందం ముక్కని డైమండ్ బిట్‌తో కోసి, ఓవెన్‌లో ఆరబెట్టి, హీలియం యంత్రంలో పెడతాం. హీలియం అణువు చాలా చిన్నది, రాతికి అంటుకోదు, దారి ఉన్న ప్రతి సందులోకీ దూరుతుంది. ఒత్తిడి ఎంత తగ్గిందో చూసి ఖాళీ లెక్కకడతాం. అదే రాయిని పొడి చేసి మళ్ళీ కొలిస్తే, మూసుకుపోయిన బుడగల వాటా కూడా బయటపడుతుంది. చూడ్డానికి అద్భుతంగా ఉన్న రాయి కూడా తరచూ ఇక్కడే ఫెయిలవుతుంది. పాత లావాలో అయితే జియోలైట్లు, కాల్సైట్ అనే ఖనిజాలు ఆ బుడగల్ని ముందే నింపేసి ఉంటాయి.

ఇదంతా కార్బన్ డయాక్సైడ్‌ని పాతిపెట్టడానికి. రేక్యవిక్‌కి దగ్గర్లో హెట్లిషేయ్‌ది అనే భూతాప విద్యుత్ కేంద్రం ఉంది. కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టు 2012లో అక్కడ 175 టన్నుల గ్యాస్‌ని నీళ్ళలో కరిగించి, గోలీసోడాలాగా, 400 నుంచి 800 మీటర్ల లోతులోకి పంపింది. ఆ నీరు పుల్లనిది, బసాల్ట్‌లోంచి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము లాగేస్తుంది. బావికి దూరం పోయేకొద్దీ పులుపు విరిగి, అవి గ్యాస్‌తో కలిసి కార్బొనేట్ రాయిగా గడ్డకడతాయి. రెండేళ్ళలోపే 95 శాతానికి పైగా రాయైపోయిందని 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. అంతకుముందు వేల ఏళ్ళు పడుతుందనుకునేవారు.

మావయ్యకి నచ్చింది ఈ శాతాలు కాదు, పంపు సంగతి. పరిశీలన కోసం తవ్విన బావిలో సబ్‌మెర్సిబుల్ పంపు ఆగిపోతే పైకి లాగి చూశారు, నిండా కాల్సైట్ పేరుకుని ఉంది. "అయితే ఆ సందులు కూడా అలాగే మూసుకుపోవా?" అన్నాడు వెంటనే. సరిగ్గా నా జీతం ఆ ప్రశ్న మీదే నడుస్తోంది. బావి దగ్గర పుల్లనీరు రాయిని కరిగించి దారి వెడల్పు చేస్తుంది కాబట్టి మొదట్లోనే మూసుకుపోదు. ఆ తర్వాత ఎక్కడ బిగుసుకుంటుందో ముందే అంచనా కట్టడానికే ఈ కొలతలన్నీ.

అక్కడి బతుకు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డిసెంబరులో పదకొండు దాటితే గానీ తెల్లారదు, మూడున్నరకే చీకటి. కుళాయిలో వేణ్ణీళ్ళకి కుళ్ళిన గుడ్డు వాసన. పొద్దున్న ఎనిమిదికి నేను ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి ఇంట్లో ఒకటిన్నర, అమ్మ అన్నం తింటూ ఫోన్ చేస్తుంది.

దీంతో భూమి వేడి తగ్గిపోతుందా అని అడిగేవాళ్ళకి నేను ఆశలు పెట్టను. ప్రపంచం ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నుల పైమాట. పైగా టన్ను గ్యాస్ కరగాలంటే పాతిక టన్నుల వరకు నీళ్ళు కావాలి. తాగునీటి కోసం ఉద్దానం పడిన బాధ తెలిసిన మావయ్య ఆ మాటకి తల అడ్డంగా ఊపాడు. సముద్రపు నీటితో చేసే ప్రయత్నాలు మొదలయ్యాయని చెప్పాను.

"సముద్రం మనకీ ఉంది కదరా, భావనపాడులో."

సముద్రం ఉంది, రాయి లేదు. మన ఖొండలైట్, చార్నొకైట్, గ్రానైట్ కోట్ల ఏళ్ళు లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మగ్గినవి, వాటిలో ఖాళీ దాదాపు ఉండదు. అందుకే ఆయన బ్లాకులు అద్దంలా పాలిష్ అవుతాయి. మన రాష్ట్రంలో బసాల్ట్ కావాలంటే రాజమండ్రి వెళ్ళాలి, కాతేరు, పంగిడి క్వారీల్లో ఉంది. గోదావరి డెల్టా అడుగున చమురు బావులు తవ్వినప్పుడు కూడా తగిలింది. అది పనికొస్తుందా అని మావయ్య అడిగాడు. కోర్ తీసి, ముక్క కోసి, హీలియం ఎక్కిస్తే గానీ చెప్పలేనన్నాను.