ఇరవై నాలుగు రుచులు, ఒక్కటే చేదు

గిన్నెడు కషాయానికి 14 హాంకాంగ్ డాలర్లు! మన లెక్కలో 150 రూపాయల పైమాటే. ఆ డబ్బుతో మా ఊళ్ళో ఇంటిల్లిపాదికీ టిఫిన్లు వచ్చేస్తాయి. నేను గొణుగుతూనే ఉన్నాను, మా ఆయన అప్పటికే గిన్నె చేతిలోకి తీసుకున్నారు.

అసలు ఆ దుకాణం గడప తొక్కాల్సిన పని మాకు లేదు. హాంకాంగ్‌లో దిగిన మూడో రోజుకే ఆయనకు నోరు పూసింది. పూయక ఏమవుతుంది? పొద్దున్నే వెంట తెచ్చుకున్న ఆవకాయతో బ్రెడ్డు, మధ్యాహ్నం చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో మసాలా కూరలు, సాయంత్రం టెంపుల్ స్ట్రీట్‌లో నూనె ఓడుతున్న రొయ్యల వేపుడు. దానికి తోడు నిద్ర లేదు. నాలుగో రోజు మందుల షాపుకు వెళ్ళి, ఒంట్లో వేడి చేసిందని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టింది. జ్వరం లేదమ్మా, వేడి చేసింది అంతే. ఈ రెండింటికీ తేడా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో యాభై ఏళ్ళు వచ్చినా నాకు తెలియలేదు. మా అబ్బాయయితే అసలు అలాంటి జబ్బే లేదంటాడు.

స్టార్ ఫెర్రీ ఎక్కాం, విక్టోరియా పీక్ అనే కొండ చూశాం, పెద్ద బుద్ధుడికి దండం పెట్టుకున్నాం. వాటి సంగతి అందరూ రాసిందే. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రాత్రి తొమ్మిదింటికి యౌ మా తే స్టేషన్ దగ్గర సందులో కనిపించిన దుకాణం. ముందు భాగంలోనే సొరకాయ బుర్ర ఆకారంలో పెద్ద ఇత్తడి పాత్ర, తోమి తోమి మొహం కనిపించేలా ఉంది. దాని ముందు తెల్ల పింగాణీ గిన్నెల వరుస. ఒక్కో గిన్నె మీద గుండ్రటి గాజు బిళ్ళ, బిళ్ళ అడుగున ఆవిరి చుక్కలు. కుర్చీల్లేవు. ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళు వచ్చి, నిలబడే గటగటా తాగేసి, గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోతున్నారు.

లోపల మా అత్తగారి వయసు పెద్దావిడ. మా ఆయన మాటలతో పెట్టుకోకుండా నోరు తెరిచి పుండు చూపించారు. ఆవిడ నాలుక కూడా చాపమని సైగ చేసి, చూసి, "యీత్ హే" అని తేల్చేసింది. పక్కన తాగుతున్న కాలేజీ కుర్రాడు దాన్ని ఇంగ్లీషులో "వేడి గాలి" అన్నాడు. మా ఆయన తలెత్తి ఫ్యాను వంక చూశారు. కుర్రాడు నవ్వి వివరించాడు: వేపుళ్ళు, కారం ఎక్కువ తిన్నా, రాత్రిళ్ళు మేలుకున్నా ఒంట్లో చేరేదట అది. నోటి పూత, గొంతు నొప్పి, మొటిమలు దాని గుర్తులట. నాకు నవ్వాగలేదు. ఈ జాబితా మా అత్తగారు రోజూ చదివేదే!

దానికి విరుగుడు "ల్యూంగ్ ఛా". ల్యూంగ్ అంటే చలవ. ఛా అంటే మన చాయే, ఆ మాట మనకు అక్కడి నుంచే వచ్చింది. పేరుకు టీ గానీ ఇందులో తేయాకు ఉండదు, ఆకులూ వేళ్ళూ పూలూ కాచిన నీళ్ళే. ఈయనకు సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ వద్దని డాక్టరు చెప్పారు కాబట్టి కెఫీన్ సంగతి రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. చలవ అన్నారని ఐసు ముక్కలు ఆశించకండి, వేడివేడిగానే ఇస్తారు.

ఆయనకు పోసింది "ఇరవై నాలుగు రుచులు". పేరులో అంకెను నమ్మనక్కర్లేదట, ఒక చోట పది మూలికలే వేస్తారు, ఇంకో చోట ఇరవై ఎనిమిది దాకా వేస్తారు. నేనూ ఒక గుక్క తాగాను. రుచి ఒక్కటే, చేదు. గొంతు దిగాక మళ్ళీ పైకి వచ్చే చేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ ముక్కు పట్టుకుని తాగించిన నేలవేము కషాయం గుర్తొచ్చింది. అది మింగగానే ఆవిడ నోట్లో బెల్లం ముక్క పెట్టేది. ఇక్కడి పెద్దావిడ ఉప్పగా తియ్యగా ఉన్న ఎండు ప్లమ్ పండొకటి ఆయన చేతిలో పెట్టింది.

నేను ఐదు పూల టీ తీసుకున్నాను. చామంతి, హనీసకిల్, బూరుగ పువ్వు, దేవగన్నేరు అని కుర్రాడు ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఐదోది దుకాణాన్ని బట్టి మారుతుందట. దేవుడి మెడలో వేసే పూలు నేను గిన్నెలో తాగడమేమిటో! తియ్యగా, తేలిగ్గా, బాగానే ఉంది. గర్భిణులకూ, చలవ శరీరం వాళ్ళకూ ఇవి పడవని పెద్దావిడ చెప్పించింది.

1950లు, 60లలో ఇలాంటి దుకాణాల్లో రేడియో, ఆ తర్వాత టీవీ ఉండేవట. ఇంట్లో అవి కొనలేనివాళ్ళు ఒక గిన్నె కొనుక్కుని గంటలు గంటలు కూర్చునేవారట. మా ఊరి పంచాయతీ రేడియో చుట్టూ చేరిన జనం కళ్ళ ముందు మెదిలారు. అప్పుడు కుర్చీలుండేవన్నమాట. ఈ టీని 2006లో చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. అది బాగానే ఉంది, రెండు స్టూళ్ళు కూడా వేయించి ఉంటే నా మోకాళ్ళు సంతోషించేవి.

మర్నాడు పొద్దున వీధి చివర పేవ్‌మెంటు మీద ఎర్రటి బూరుగ పూలు రాలి ఉన్నాయి. ఒక ముసలమ్మ వంగి ఒక్కొక్కటే ఏరి, దుమ్ము ఊది సంచిలో వేసుకుంటోంది. మా ఊరి చెరువు గట్టు మీద ఇవే పూలను తొక్కుకుంటూ బడికి వెళ్ళేవాళ్ళం. ఎవరూ ఏరగా చూడలేదు.

మూడు రోజులకు ఆయన నోటి పూత తగ్గింది. కషాయం వల్ల అని ఆయన, ఆవకాయ సీసా నేను దాచేయడం వల్ల అని నేను.

వచ్చేటప్పుడు ఎండు చామంతుల పొట్లం ఒకటి కొన్నాను. అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, "అంత దూరం వెళ్ళి నిర్మాల్యం కొనుక్కొచ్చారా?" అన్నారు. మాట్లాడకుండా నాలుగు పూలు గ్లాసులో వేసి వేడినీళ్ళు పోసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, "కాస్త పటికబెల్లం వేయకపోయావా?" అన్నారు. హాంకాంగ్‌లో వేసేదీ అదేనని చెప్పలేదు.