సైటు ఖర్చు టాలీలో కనిపించేదాకా: నా అనుభవం

విజయవాడ శివార్లలో రెండు బ్లాకుల అపార్టుమెంట్లు కడుతున్న ఓ మోస్తరు సంస్థలో నేను అకౌంట్స్ చూస్తాను. మా ఆఫీసులో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్ ఎప్పటి నుంచో ఉంది. జీఎస్టీ, టీడీఎస్ (చెల్లింపులో ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను), బ్యాంకు లెక్కలు, ఏడాది చివర ఆడిటరు అడిగే కాగితాలు, వీటిలో దేనికీ లోటు లేదు. మా సార్ మాత్రం ప్రతి సోమవారం మూడు సంగతులు అడిగేవారు: ఏ బ్లాకు ఎక్కడిదాకా వచ్చింది, అక్కడికి రావడానికి ఎంతయింది, ఇంకా ఎంత కావాలి? మొదటిదానికి సైటు ఇంజనీరు గారు జవాబు చెప్పేవారు. రెండోదానికి నేను. మూడోది వచ్చేసరికి ఇద్దరం ఎవరి కాగితాలు వాళ్ళం సర్దుకునేవాళ్ళం.

ఇలా కాదని, నిర్మాణ సంస్థల కోసమే తయారుచేసిన కొత్త సాఫ్ట్‌వేర్ కొందామనే మాట వచ్చింది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి తెర మీద చూపించారు. రంగురంగుల చక్రాలు, ఫోనులోనే ఆమోదాలు, బాగానే ఉంది. మా లెక్కలతో ఎప్పుడు చూపిస్తారని అడిగితే ఒక ఎక్సెల్ పట్టిక పంపారు. సరుకుల జాబితా, పనుల జాబితా, ఒక్కో పనికి అంచనా పరిమాణం, రేటు, కాంట్రాక్టర్ల ఒప్పందాలు అన్నీ అందులో నింపి ఇవ్వాలట. అవి మా దగ్గర ఒక్కచోట లేవు. ఉంటే టాలీ కూడా చెప్పేదే కదా అనిపించింది. సార్‌తో అదే అన్నాను: "ముందు ఈ పట్టిక నింపుదాం సార్. నింపాక కూడా కొత్తది కావాలనిపిస్తే అప్పుడే కొందాం." ఖర్చు వాయిదా పడే మాట ఏ యజమానికైనా ఇంపుగానే ఉంటుంది. సరేనన్నారు.

నింపడం మొదలుపెట్టాక తెలిసింది, సరుకుల జాబితా ఎంత పెరిగిపోయిందో. ఎవరు వౌచరు రాస్తే వాళ్ళకు తోచిన పేరు పెట్టడంతో ఒకే సిమెంటు నాలుగైదు పేర్లతో ఉంది. ఇసుక సంగతి మరీ అన్యాయం. లారీ డ్రైవరుకు అది ట్రిప్పు, కాటా చీటీలో టన్ను, ఇంజనీరు గారి అంచనాలో ఘనపు మీటరు. తడిసిన ఇసుక పొంగి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఘనపరిమాణం మీద పోల్చడం మొదలుపెడితే వాన పడిన వారం ఒక లెక్క, ఎండ కాసిన వారం ఇంకో లెక్క. టన్నులోనూ తడి బరువు కలుస్తుంది, నిజమే. కానీ మనం డబ్బు కట్టేది కాటా చీటీ మీద. అందుకని టన్నే ప్రమాణమని తేల్చి, అంచనాలోని ఘనపు మీటర్లన్నిటినీ ఒకే గుణకంతో టన్నుల్లోకి మార్చాం.

పనుల జాబితా దగ్గర అసలు పేచీ వచ్చింది. ఇంజనీరు గారి అంచనాలో పద్దులు రెండు వందలు దాటాయి. అవన్నీ టాలీలోకి రావాలని ఆయన పట్టు. కుదరదని నా పట్టు. లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే స్టోర్ కీపరు రెండు వందల పేర్లలో వెతుక్కోడు, చేతికి మొదట దొరికినదాంట్లో పడేస్తాడు. చివరికి పునాది, కాలమ్స్, స్లాబులు, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, ప్లంబింగ్, కరెంటు, లిఫ్టు ఇలా ఇరవై రెండు పనుల దగ్గర ఆగాం. ఆయన వివరమైన పద్దులు ఆయన ఎక్సెల్‌లోనే ఉంటాయి. ఒక్కో పద్దు పక్కన అది ఈ ఇరవై రెండింటిలో దేని కిందికి వస్తుందో ఒక సంకేతం రాసుకుంటారు. 'ఇతరాలు' అనే పని మాత్రం పెట్టనివ్వలేదు. అది ఉంటే సగం ఖర్చు అక్కడే కాపురం పెడుతుంది.

టాలీలో దీన్ని పెట్టే పద్ధతి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎఫ్11 సెట్టింగుల్లో కాస్ట్ సెంటర్లు (ఖర్చు దేనికైందో ఆ పేరు మీద చూపే విభాగాలు) తెరిచి బ్లాకుకు ఒకటి పెట్టుకుని ఊరుకుంటారు. నేను రెండు కాస్ట్ కేటగిరీలు, అంటే కాస్ట్ సెంటర్ల గుంపులు, పెట్టాను: ఒకటి 'బ్లాకు', రెండోది 'పని'. వేర్వేరు కేటగిరీలైతే ఒకే లక్ష రూపాయలను రెండు వైపుల నుంచీ పూర్తిగా చూపించవచ్చు. ఏ బ్లాకుకు అనేది ఒక వైపు, ఏ పనికి అనేది మరో వైపు. రెండూ ఒకే కేటగిరీలో కలిపితే 'ఏ బ్లాకు ప్లాస్టరింగ్', 'బీ బ్లాకు ప్లాస్టరింగ్' అంటూ జాబితా రెట్టింపవుతుంది. సరుకు కొన్న రోజున అది ఏ పనికి వెళుతుందో తెలియదు కాబట్టి 'పని' కేటగిరీలో 'స్టోరు నిల్వ' అని ఒకటి ఉంచాను. కొన్నప్పుడు అందులో పడుతుంది. నెలాఖరున, స్టోరు నుంచి సరుకు తీసుకున్నప్పుడు రాసే ఇండెంటు చీటీలు కూడి, ఒక జర్నలు (సర్దుబాటు పద్దు)తో అక్కడి నుంచి ఆయా పనులకు మారుస్తాను. ఆ నిల్వ మొత్తానికీ, గోడౌనులో లెక్కపెట్టిన సరుకు విలువకూ పొంతన కుదరకపోతే చీటీ ఎక్కడో తప్పిపోయిందన్నమాట.

ఇంత చేసినా మొదటి నివేదికలో స్లాబుల ఖర్చు నమ్మలేనంత తక్కువ కనిపించింది. కారణం శనివారం డబ్బులు. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి అచ్చు కట్టే పని) మేస్త్రికీ, రాడ్ బెండింగ్ వాళ్ళకూ, ప్లాస్టరింగ్ వాళ్ళకూ వారం వారం ఇచ్చేది బిల్లు మీద కాదు, లెక్కలోకి. బిల్లు ఎప్పుడో స్లాబు పూర్తయి కొలతలు తీశాక వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు కాంట్రాక్టరు ఖాతాలో అడ్వాన్సుగా కూర్చుంటుంది, ఖర్చులోకి రాదు. పని సగం అయిపోయి ఉంటుంది, పుస్తకంలో మాత్రం సున్నా.

దీనికి రెండు మందులు వేశాం. కాస్ట్ కేటగిరీలో ఆదాయమూ వ్యయమూ కాని ఖాతాలకు కూడా కేటాయింపు అనుమతించే వీలుంది. అది తెరిచి, కాంట్రాక్టర్ల ఖాతాలకు కాస్ట్ సెంటర్లు వర్తింపజేశాను. దాంతో శనివారం ఇచ్చిన డబ్బు ఆ రోజే బ్లాకు, పని పేరు మీద కనిపించింది. రెండోది కొలతలు. నెలకో, స్లాబుకో కాకుండా పదిహేను రోజులకోసారి కొలతల పుస్తకం నింపాలని ఇంజనీరు గారితో ఒప్పందం. మేస్త్రి అనుమానపడ్డారు. "కొలతలు ఎన్నిసార్లయినా తీసుకోండమ్మా, శనివారం డబ్బు మాత్రం ఆపకండి. ఆపితే సోమవారం నా దగ్గర మనిషి మిగలడు" అన్నారు. ఆపలేదు. ఎంత ఇవ్వాలనేది మాత్రం కొలత చూసి ఇచ్చాం.

ఆయన బిల్లు ఒకటి చూడండి. ఇప్పటిదాకా మొత్తం సెంట్రింగ్ 18,400 చదరపు అడుగులు. పోయిన బిల్లు వరకు 14,900. ఈ బిల్లుకు 3,500, అడుగుకు 48 రూపాయల చొప్పున 1,68,000. అందులో 5 శాతం రిటెన్షన్, అంటే పని బాగుందని తేలేదాకా ఆపి ఉంచే డబ్బు, 8,400. మేస్త్రి వ్యక్తిగా పని చేస్తారు, పాన్ ఇచ్చారు కాబట్టి టీడీఎస్ 1 శాతం, 1,680. ముందే ఇచ్చిన శనివారం డబ్బుల్లోంచి ఈ బిల్లులో మినహాయించింది 20,000. చేతికి 1,37,920. మామూలుగా రాస్తే ఆ చివరి అంకెకే చెక్కు రాసి ఊరుకుంటారు. నేను రిటెన్షన్‌కు ఒక్కో కాంట్రాక్టరు పేరు మీద విడి లెడ్జరు పెట్టి, తిరిగి ఇవ్వాల్సిన తేదీని బిల్లువారీ వివరాల్లో రాశాను. ఇంతకుముందు రిటెన్షన్ అనేది కాంట్రాక్టరు వచ్చి గొడవ పెట్టుకున్నప్పుడు గుర్తొచ్చే బాకీ.

తరువాతి నివేదికలో బొమ్మ తిరగబడింది. సిమెంటు ఖర్చు అంచనా కంటే పావు వంతు పైగా ఎక్కువ! సార్ మొహం మారిపోయింది, స్టోర్ కీపరు వైపు చూశారు. బస్తాల లెక్క చూస్తే అంచనాకు దగ్గరగానే ఉంది. తేడా అంతా పన్నుది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త నివాస ప్రాజెక్టులకు జీఎస్టీ 5 శాతం, అందుబాటు ధర ఇళ్ళకు 1 శాతం. కానీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. కొన్నదాని మీద కట్టిన పన్ను మనకు తిరిగి రాదు, అది ఖర్చే. అప్పట్లో సిమెంటు మీద 28 శాతం, స్టీలు మీద 18 శాతం. ఇంజనీరు గారి అంచనాలో రేట్లు పన్ను లేకుండా ఉన్నాయి, నా పుస్తకంలో పన్నుతో కలిపి. అంచనా రేట్లన్నీ పన్నుతో సహా మార్చాకే రెండు అంకెలను పక్కపక్కన పెట్టడానికి వీలైంది.

స్టీలు సంగతి ఇంకాస్త లోతైనది. బార్ల బరువు లెక్కకు సైటులో అందరికీ తెలిసిన సూత్రం ఉంది: వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల బారు మీటరుకు 0.889 కిలోలు, 12 మీటర్ల పొడవు బారు 10.67 కిలోలు. ఇంజనీరు గారు వాడకం ఇలా లెక్కిస్తారు. కొనుగోలు మాత్రం కాటా బరువు మీద. స్టీలు బార్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం ఆ సైజు బారు బరువు అటూ ఇటూ 5 శాతం దాకా, 10 మిల్లీమీటర్లు, అంతకంటే సన్నవైతే 7 శాతం దాకా తేడా ఉండవచ్చు. కాబట్టి లోడు దిగినప్పుడు బరువు మాత్రమే రాసుకుంటే, తరువాత కనిపించే తరుగు దొంగతనమా, తుక్కా, మిల్లు నుంచే బరువుగా వచ్చిన బారా అనేది ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ప్రతి లోడుకూ సైజువారీగా బార్లు కూడా లెక్కపెడతారు. టాలీలో కిలో ప్రధాన యూనిట్, బారు ప్రత్యామ్నాయ యూనిట్. ఈ లెక్కతో ఒక సంగతి బయటపడింది. మాకు పోతున్నదనుకున్న స్టీలులో పెద్ద వాటా బరువైన బార్లలో ఉంది. మనిషి చేతిలో కాదు. అన్నాళ్ళూ వాచ్‌మన్‌ను అనుమానించినవాళ్ళు ఆ మాట విని ఊరుకున్నారు, అంతే.

'ఇంకా ఎంత కావాలి' అనే మూడో ప్రశ్నకు జవాబు రావాలంటే ఇచ్చిన మాటలు కూడా పుస్తకంలో ఉండాలి. లిఫ్టులకు అడ్వాన్సు కట్టామంటే మిగతా మొత్తానికి మాట ఇచ్చేసినట్టే. అది పర్చేజ్ ఆర్డరుగా ఎక్కకపోతే బడ్జెట్‌లో ఆ డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది. ఫోనులో చెప్పిన ఆర్డర్లు కూడా అదే రోజు టాలీలో రాయాలని పెట్టాం. ఆ క్రమంలోనే సరఫరాదారుల్లో సూక్ష్మ, చిన్న తయారీదారులుగా నమోదైన వాళ్ళను గుర్తించి, రాత ఒప్పందం ఉన్నవాళ్ళకు గడువు 45 రోజులుగా, లేనివాళ్ళకు 15 రోజులుగా పెట్టాను. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి వాళ్ళకు చట్టం చెప్పిన గడువు దాటించి, ఆ ఏడాదిలోపు కూడా కట్టకపోతే, కట్టేదాకా ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు.

ప్రాజెక్టు షెడ్యూలు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వందల పనులతో అచ్చు వేయించిన పొడవాటి చార్టు ఒకటి సైటు ఆఫీసు గోడకు ఉండేది. ఎవరూ చూసేవారు కాదు. ఇప్పుడు రాబోయే ఆరు వారాల పనులు మాత్రం, అవే ఇరవై రెండు పేర్లతో, ఒక్క పేజీలో. టైల్స్, కిటికీలు, లిఫ్టు వంటి ఆలస్యంగా వచ్చే సరుకుల ఆర్డరు తేదీలు అందులోనే ఉంటాయి.

ఊహించని లాభం స్థిరాస్తి నియంత్రణ చట్టం, అదే రెరా, దగ్గర వచ్చింది. చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, పని ఎంత శాతం పూర్తయితే ఆ నిష్పత్తిలోనే తీయాలి, దానికి ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. ఇదివరకు ముగ్గురూ మూడు శాతాలు చెప్పేవారు, మధ్యలో నేను ఫోన్లు చేస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు కొలత, ఖర్చు ఒకే పనుల జాబితా మీద ఉండటంతో ఆ కాగితం ఒక పూటలో తేలుతోంది.

2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ వారమే మిగిలిన పనికి అంచనా రేట్లు మళ్ళీ సవరించాను. సవరించకుండా వదిలేస్తే సిమెంటు ఆదా అయినట్టు కనిపించి, ఆ ఘనత ఎవరో ఒకరి ఖాతాలో పడేది. ఇంజనీరు గారు నవ్వి, "మేడమ్, ఒక్క నెల ఆగి ఉంటే నాకు మంచి పేరొచ్చేది కదా" అన్నారు.

ఆయనకూ నాకూ ఇంకా తెగని తగువు ఒకటుంది. క్రేను అద్దె, సైటు ఆఫీసు, వాచ్‌మన్ జీతం, జనరేటరు డీజిలు వంటి ఉమ్మడి ఖర్చులు రెండు బ్లాకులకు ఎలా పంచాలి? కట్టడం విస్తీర్ణాన్ని బట్టి అని నేను. ఏ బ్లాకులో ఎన్ని నెలలు పని నడిచిందో దాన్ని బట్టి అని ఆయన. ఆయన పద్ధతిలో ఆలస్యమైన బీ బ్లాకు మీద భారం పడుతుంది, నా పద్ధతిలో పెద్దదైన ఏ బ్లాకు మీద. ప్రస్తుతానికి నా లెక్క నడుస్తోంది. వచ్చే ప్రాజెక్టుకు పునాది తవ్వకముందే ఇది తేల్చమని సార్ ఇద్దరికీ చెప్పారు.